స్క్రిప్టులో లేని చప్పట్లు

"కట్!"

డైరెక్టర్ హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్ళో పడేసుకున్నాడు.

"అమ్మాయ్, కన్నీళ్ళు కావాలంటే ముక్కు కారుస్తావేమిటి?"

హాలంతా నవ్వింది. వేదిక మీద నల్ల గౌనులో నిలబడిన కొత్త హీరోయిన్ తనూ నవ్వబోయి, తల దించుకుంది.

అది కాలేజీ సీరియల్లో స్నాతకోత్సవం సీను. అందరి పిల్లలకూ అమ్మానాన్నలు వస్తారు. హీరోయిన్‌కి మాత్రం ఎవరూ రారు. ఆమె పట్టా అందుకుని, తనవాళ్ళ కోసం ఉంచిన ఖాళీ కుర్చీని చూసి కళ్ళనీళ్ళు పెట్టుకోవాలి. ఆ వెంటనే నవ్వాలి.

ఏడుపొస్తే నవ్వు రావడం లేదు. నవ్వొస్తే ఆ ఏడుపు దొంగేడుపైపోతోంది. పొద్దుటినుంచీ ఇదే వరస. గ్లిజరిన్‌కి కళ్ళు మండిపోతున్నాయి.

షూటింగు కోసం ఓ కాలేజీవాళ్ళు తమ కింది హాలు ఇచ్చారు. తల్లిదండ్రుల కుర్చీల్లో జూనియర్ ఆర్టిస్టులు కూర్చున్నారు.

తలుపు దగ్గర ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దాయన ఒకాయన లోపలికి తొంగిచూశాడు.

"ఇప్పుడా రావడం? రండి, ఆ ఖాళీ కుర్చీ పక్కన కూర్చోండి" అన్నాడు అసిస్టెంట్.

"అది కాదు బాబూ, ఇక్కడ..."

"ముందు కూర్చోండి పెద్దాయనా, కెమెరా తిరుగుతోంది!"

ఆయన కూర్చున్నాడు. ఆ షాటూ పోయింది.

డైరెక్టర్ నిర్మాత వైపు వంగి, "ఈ పిల్లతో మన వల్ల కాదు సార్. ఇంకొక్కసారి చూద్దాం. కాకపోతే రేపు వేరే అమ్మాయిని పిలుద్దాం" అన్నాడు.

చేతిలో మైకు ఆపడం మరిచిపోయాడు. హాలంతా వినబడింది.

ఎవరూ నవ్వలేదు. ఆ అమ్మాయి వేదిక మెట్ల మీద కూలబడి, గౌను అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. కావలసిన కన్నీళ్ళు ఇప్పుడొచ్చాయి, కెమెరా ఆగాక.

పెద్దాయన లేచి అసిస్టెంట్ దగ్గరికి వెళ్ళాడు.

"బాబూ, నేను వెళ్ళాలి."

"ఇందాక కెమెరాలో కనబడి, ఇప్పుడు మాయమైతే ఎలాగండీ? మళ్ళీ మొదటికొస్తుంది. ఆ తిట్లు కూడా ఆ అమ్మాయే తినాలి."

ఆయన తలుపు వైపు చూశాడు. మెట్ల వైపు చూశాడు. ఏమనుకున్నాడో, మెల్లగా మెట్ల దగ్గరికి నడిచాడు.

"మీవాళ్ళెవరైనా వచ్చారా అమ్మా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "ఇంట్లో ఇష్టంలేదండీ. గొడవపడి వచ్చేశాను."

"అయ్యో! మరి నీకు చప్పట్లెవరు కొడతారు?"

"ఎవరూ కొట్టకూడదండీ. కథ అంతే."

"కథ సంగతి నాకు తెలీదు గానీ, నీ పేరు పిలిచాక ఒక్కసారి నావైపు చూడు. పట్టా పుచ్చుకునే పిల్ల అలా బిక్కుబిక్కుమంటూ నిలబడకూడదమ్మా."

కెమెరా తిరిగింది. పేరు పిలిచారు. ఆమె పట్టా అందుకుని జనం వైపు తిరిగింది. ఖాళీ కుర్చీని చూసింది. దాని పక్కకి చూసింది.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఆయనొక్కడే. రెండు చేతులూ తలకన్నా పైకెత్తి చప్పట్లు కొడుతున్నాడు. ముఖమంతా నవ్వే. చెంపల మీద కన్నీళ్ళు కారుతున్నా తుడుచుకోవడం లేదు.

ఆమెకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోంచే నవ్వొచ్చింది.

డైరెక్టర్ కట్ చెప్పడం మరిచిపోయాడు.

చెప్పాక అందరూ ఆమె చుట్టూ మూగారు. జనాన్ని తోసుకుని ఆమె కుర్చీల దగ్గరికి పరిగెత్తింది. పెద్దాయన లేడు.

"ఆయన మన మనిషి కాదమ్మా" అన్నాడు జూనియర్ ఆర్టిస్టుల ఏజెంటు. "నీ బ్యాచి అనుకున్నాను" అన్నాడు అసిస్టెంట్ ఏజెంటుతో.

ఆ సీను ఇంటింటికీ చేరింది. సీరియల్ ముగిసి ఏళ్ళు గడిచినా, కాలేజీల్లో పట్టాలిచ్చే రోజున దాన్ని ఒకరికొకరు పంపుకుంటూనే ఉన్నారు. తెర వెనక కబుర్లు చెప్పే కార్యక్రమాల్లో ఆమెని మొదట అడిగే ప్రశ్న అదే. ఆయన రంగస్థల నటుడన్నారు కొందరు. డైరెక్టర్ మేనమామ అన్నారు ఇంకొందరు.

ఆమె మాత్రం ప్రతిచోటా ఒకే మాట చెప్పేది. "ఆయనెవరో నాకు తెలీదు. ఇవాళ నేనిలా ఉన్నానంటే ఆయన చలవే. ఎక్కడున్నా దయచేసి ఒక్కసారి కనబడండి."

సీరియల్ వార్షికోత్సవం నాడు, మేకప్ గది బయట ఆమె వయసే ఉన్న ఒకావిడ ఎదురుచూస్తోంది.

"మీరు వెతుకుతున్నది మా నాన్ననండీ."

ఆమె గబుక్కున ఆవిడ చేతులు పట్టుకుంది. "ఎక్కడున్నారు? పదండి, ఇప్పుడే వెళ్దాం."

"పోయిన వేసవిలో పోయారు."

ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. "ఒక్క థాంక్స్ కూడా చెప్పలేకపోయాను."

"నేనే మీకు చెబుదామని వచ్చాను. మా నాన్న చప్పట్లు కొడితే ఎలా ఉంటారో ఇవాళ్టికీ చూసుకోగలుగుతున్నాను. మా పాపకి తాతయ్యంటే ఆ సీనే."

"ఆయన నటులా అండీ?"

"లారీ మెకానిక్. పెళ్ళిలో ఫోటో తీస్తామన్నా పారిపోయేవారు."

"మరి ఆ రోజు షూటింగుకి ఎలా వచ్చారు?"

ఆవిడ చిన్నగా నవ్వి, పక్కనే కూర్చుని ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"పై అంతస్తులో నేను పట్టా తీసుకుంటుంటే చప్పట్లు కొట్టాలని వచ్చి, దారి తప్పి మీ హాల్లోకొచ్చారు; ఏడుస్తున్న మిమ్మల్ని వదిలి రాలేకపోయారు."