కాకరకాయ తినే పిల్ల

“సూడండమ్మా, బాగా సూడండి!”

అంగన్‌వాడీ టీచరు ప్రసన్నకుమారి కాకరకాయ వేపుడు గిన్నెను నాలుగేళ్ల లోహిత ముందు పెట్టింది. బెల్లం లేదు, చింతపండు లేదు, ఉత్త ఉప్పూ కారమే. మిగతా పిల్లలు నోట్లో పెట్టుకోగానే తుపుక్కున ఉమ్మేశారు. ఒకడైతే ఏడుపు లంకించుకున్నాడు. లోహిత మాత్రం గిన్నె ఊడ్చి తిని, “ఇంకొంచెం పెట్టు టీచర్” అంది. చుట్టూ కూర్చున్న తల్లులు ముక్కున వేలేసుకున్నారు.

ప్రసన్నకుమారికి కావలసింది అదే. సమావేశం అందరి కోసమని చెప్పినా, ఆమె గురి మాత్రం లోహిత నాయనమ్మ నాగులమ్మ మీదే. ఆవిడ పక్కన కోడలు హేమశ్రీ మూడు నెలల చంటివాణ్ని ఒళ్లో వేసుకుని కూర్చుంది. సోమవారం నుంచి కోడలు మళ్లీ తడ దగ్గర కంపెనీకి పోతుందని, చంటివాడికి డబ్బా పాలు పడతామని నాగులమ్మ ఊరంతా చెప్పేసింది. ఎలాగైనా దాన్ని ఆపాలని టీచరు కంకణం కట్టుకుంది.

ఈ ఊరికి వచ్చి ఏడాదైనా కాలేదు గానీ, ఇక్కడ తనకు తెలియని సంగతి లేదని ప్రసన్నకుమారి నమ్మకం. పైగా మొన్ననే తిరుపతిలో శిక్షణకు కూడా వెళ్లొచ్చింది. ఇంక ఆగుతుందా?

“తల్లి ఏం తింటే దాని రుచి కొంచెం పాలల్లోకి దిగుతాది. బిడ్డ దాన్ని మరిసిపోడు. పెద్దయినాక కూడా ఇష్టంగా తింటాడు. డబ్బా పాలకు దినామూ ఒకటే రుచి. ఈ పాప కాకరకాయ తింటా ఉండాదంటే ఊరికే అనుకున్నారా? వాళ్లమ్మ తిని పాలిచ్చినాది కాబట్టే!”

“మా ఇంట్లో అందరమూ తింటాం. మా వంశమే అంత,” అంది నాగులమ్మ గొప్పగా.

“మరి ఈ పిల్లోడేం పాపం చేసినాడు నాగులక్కా? ఇంకో మూడు నెలలు వానికీ అమ్మ పాలే ఇయ్యనీండి.”

“కాంట్రాక్టోడు ఆగొద్దా టీచరమ్మా? ఈమె పోకుంటే ఆడ ఇంకో పిల్లను కూసోబెడతాడు. లోహిత బాగా పెరగలేదా? వీడూ అట్లే పెరుగుతాడు.”

“నేను చెప్పేదీ అదే కదక్కా! లోహితను పెంచినట్లే పెంచండి!”

తల్లులంతా చప్పట్లు కొట్టారు. హేమశ్రీ తలెత్తలేదు. ఒళ్లో బిడ్డను ఇంకా దగ్గరికి పొదువుకుంది. పొగడ్తకు సిగ్గుపడుతోందనుకుని ప్రసన్నకుమారికి ముచ్చటేసింది. ఇంత మంచి తల్లి అత్త ముందు నోరు విప్పలేకపోతోందే అని కడుపు మండింది కూడా.

“లెయ్ హేమా. భయం దేనికి? లోహితకు ఈ చేదు ఎట్ల అలవాటు చేసినావో నువ్వే చెప్పు. మీ అత్త కూడా ఇననీ.”

“అదేం చెప్తాది? ఇంట్లో పనుండాది, పద,” అంటూ నాగులమ్మ గబుక్కున కోడలి చెయ్యి పట్టుకుంది.

హేమశ్రీ చెయ్యి విడిపించుకుని లేచింది. “సోమారం నేను పోను అత్తా. వీనికి ఆ పని మళ్లా చెయ్యలేను.”

“ఏ పని హేమా?” అంది ప్రసన్నకుమారి అయోమయంగా.

హేమశ్రీ కూతురి వైపు ఒకసారి చూసింది. ఇన్నాళ్లూ దిగమింగిన ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

“అప్పుడు నన్ను కంపెనీకి పంపేటప్పుడు లోహితకూ మూడు నెలలే,” అంది. “పాలు మాన్పించేదానికి నేను రొమ్ముకు వేపాకు నూరి పూసుకుంటే, ఆకలికి ఆ చేదంతా నాకి తాగినాది టీచరమ్మా!”