పసిగుడ్డు పక్కన ఇనుము

ఇంటింటికీ ఆనవాలు పుల్లలు వచ్చాక లోహాలకు నోరొచ్చింది. ఏ ఇనుముకు ఆనించినా, అది ఎక్కడ పుట్టిందో, ఏ పని చేసిందో పుల్ల చెప్పేస్తుంది. దాంతో ఊళ్ళో గరిటెలూ గునపాలూ గొప్ప వంశాలవైపోయాయి. ఎదురింటి కొమురయ్య, తన పార రాజుగారి కత్తికి చుట్టమని తేలగానే మట్టిపనే మానేశాడు.

లస్మవ్వ మాత్రం మనవరాలి తలగడ కింద పెట్టిన చిన్న కత్తికి పుల్ల ఆననివ్వలేదు. రాక్షసగుళ్ళనే పాతకాలపు రాతి సమాధుల పక్క చెలక దున్నుతుంటే దొరికిందది. గాలి, ధూళి సోకకుండా పసిగుడ్డు పక్కన ఇనుము ఉండాలని ఆమె పట్టు. అయితే అది ఇంటికొచ్చిన నాటి నుంచీ పొద్దుగూకితే చాలు, పాప ఎవరూ లేని మూలకేసి చూసి ఊఁ కొడుతోంది.

"అత్తమ్మా, నాకు భయమైతుంది. ఒక్కసారి ఆనించి చూడు," అంది కోడలు మేఘమాల.

"ఇనుమును చూసి దయ్యం భయపడాలె గాని, నీకేమైందే," అంటూనే ఆనించింది లస్మవ్వ.

పుల్ల మెల్లగా చెప్పింది. "మూడు వేల ఏళ్ళ నాటిది. దేన్నీ కోయలేదు. చనిపోయిన పసిబిడ్డ తల కింద పెట్టి పూడ్చారు. దీని పని కాపలా."

కోడలు పాపను గుండెకు హత్తుకుంది. లస్మవ్వ కత్తిని కొంగులో చుట్టుకుని లేచింది.

"ఎటు పోతున్నవ్ అత్తమ్మా?"

"ఆ బిడ్డది ఆ బిడ్డకే ఇచ్చొస్త. మనదానికి చీపురుకట్ట పెట్టు, చాలు."

గడప దగ్గర ఆగి, ఆ మూలకేసి చెయ్యి చాచింది. "రా నాయినా, మీ ఇంటికి పోదాం."

ఆమె చూపుడువేలిని చల్లని చిట్టి పిడికిలొకటి పట్టుకుంది.