పచ్చి చెక్క జిగురు

అన్నయ్య అలిగి వెళ్లిపోయి మూడు రోజులైంది. వదిన కోతమిల్లు తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"పచ్చి మొద్దు కోస్తూ కోస్తూ వెళ్లారు. మిషనులో జిగురు రాయిలా గట్టిపడి ఉంటుంది. కాస్త గీకి రావయ్యా. వచ్చాక నామీద విసుక్కుంటారు."

వెళ్లాను. మొద్దు సగమే పలకలైంది. చెక్క కోసే బ్యాండ్‌సా మిషను తలుపు తెరిచాను. చక్రాల మీద పొట్టు లేదు, జిగురు లేదు. బ్లేడు కూడా లేదు. దాన్ని విప్పి, నూనె రాసి, మూడు చుట్లు చుట్టి, తాడుతో కట్టి, గోడ మేకుకు తగిలించి ఉంది.

రోజూ సాయంత్రం జిగురు గీకి, బ్లేడు వదులు చేసి వస్తాం. విప్పి నూనె రాసేది మిషను నెలల తరబడి ఆపేటప్పుడే. ఆ పని నాకు నేర్పింది అన్నయ్యే.

ఏడుపు రాలేదు. గీకుడు చాకు పట్టుకుని కాసేపు కూర్చుని, తాళం వేసి వచ్చేశాను.

వదిన గుమ్మంలోనే ఉంది. "ఎలా ఉంది?"

"అబ్బో, ఒకటే బంక! గీకేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. ఎక్కడిదక్కడ వదిలేసి వెళ్లాడు వదినా. వచ్చేస్తాడులే."

పచ్చి చెక్క జిగురు సబ్బుకు వదలదు. అన్నయ్య రోజూ చేతులు కడుక్కునే కిరసనాయిలు సీసా తెచ్చి, వదిన నన్ను చేతులు చాపమంది.

చాపాను. అరచేతులు రెండూ చూసింది.

"అన్నం తిను, చల్లారిపోతుంది" అంది.

మూత తీయని ఆ సీసాను తీసుకెళ్లి అటక మీద పెట్టేసింది.