రెండో చెంచా

చంద్రమౌళి ఒక చెంచా పులుసు నోట్లో వేసుకుని ఆగిపోయాడు.

ఇంకో చెంచా తీసుకున్నాడు.

అప్పుడు అన్నాడు, "ఇది మనది కాదు."

పక్కన నిలబడ్డ మేనేజరు పెంచల్ ముఖం పాలిపోయింది. చిల్లకూరు హోటలుకు అతను బదిలీ అయి వచ్చి పది రోజులే.

విశాఖ నుంచి తడ దాకా హైవే పొడవునా కంపెనీకి ముప్పై ఒక్క హోటళ్ళు. అన్నిటికీ ఒకే పసుపు బోర్డు, ఒకే రకం కుర్చీలు, ఒకే మసాలా పాకెట్టు. అన్నిట్లోనూ ఒకే రేడియో. అరగంటకోసారి అదే ఆడగొంతు "ఎక్కడ ఆగినా అదే రుచి" అంటుంది. కారులోనూ అదే మోగుతుంటుంది. రెండు రోజులుగా నడుపుతున్నా ఏ ఊరు దాటాడో చంద్రమౌళికి గుర్తుండదు. గుర్తుండకపోవడమే తన పనితనం అనుకునేవాడు. ఆ రుచి ఎక్కడా తేడా రాకుండా చూడటమే అతని ఉద్యోగం.

"ఎవరు వండారు?"

వంటింటి గుమ్మంలోంచి చూస్తున్న అంకాలమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అరవై దాటిన మనిషి. కంపెనీ టోపీ ఆమె ముడికి తగిలి పక్కకు ఒరిగింది.

"బాగుండాదా నాయనా?"

"పాకెట్ మసాలా వేశావా?"

"ఆఫీసు నుంచి వచ్చినారన్నారు గదా. మీకు కుండలోది వేసినా."

"ఏం కుండ?"

మూలన, గుడ్డ కప్పిన మట్టికుండ. గుడ్డ తీస్తే కొరమేను ముక్కలు, మామిడికాయ ముక్కలు, పైన తేరిన నూనె.

"ఎప్పటిది?"

"నిన్నటిది."

"నిన్నటిదా!"

"పులుసు నిన్నటిదే గదా నాయనా తినాల్సింది. ఆపొద్దు చేసింది ఆపొద్దే తింటే కారం కారంగా, పులుపు పులుపుగా ఉంటాది. ఒక రాత్రి గడిస్తేనే రెండూ కలిసేది."

బల్ల దగ్గర ఒక లారీ డ్రైవరు పెద్దగా నవ్వాడు. "పెద్దమ్మా, ఆ నిన్నటిదేదో మాకూ ఓ గరిటె ఎయ్యి! ఆయనకొక్కడికేనా?"

చంద్రమౌళికి ఒళ్ళు మండింది. అందరూ చూస్తుండగా జేబురుమాలు తీసి నాలుక తుడుచుకున్నాడు.

"నాలుగు గంటలు దాటింది ఏదైనా పారబోయాలి. తెలియదా నీకు?"

"ఆఫీసోళ్ళే ఎత్తిపెట్టమన్నారు నాయనా."

"ఆఫీసంటే నేనే!"

కుండ ఎత్తి తన చేత్తోనే సింకులోకి వంచాడు.

జాలీ మీద ఆగిన ముక్కల వంక అంకాలమ్మ కాసేపు చూసింది. టోపీ తీసి, మడిచి, గట్టు మీద పెట్టింది.

"అట్నే నాయనా. మీకే వద్దంటే ఇంక నేనెందుకు?"

కుండ కడుక్కుని, చంకన పెట్టుకుని, వెనక గుమ్మంలోంచి వెళ్ళిపోయింది.

'రుచిలో తేడా. నిల్వ పదార్థం. వంటమనిషిని తొలగించాలి.' ఫోనులోనే రిపోర్టు పంపి చంద్రమౌళి కారెక్కాడు.

రేడియోలో అదే గొంతు. కట్టేశాడు.

నాలుక తుడుచుకున్నా ఆ పులుపు పోలేదు. పులుసు పాడవలేదని మొదటి చెంచాకే తెలుసు. పాడైందనుకున్నవాడు రెండో చెంచా ఎందుకు తీసుకుంటాడు? అది ఎవరూ చూడలేదనుకున్నాడు. ఆమె చూసింది. గుమ్మంలోంచి చూసే వచ్చి, "బాగుండాదా నాయనా?" అని అడిగింది. రుచికి లొంగినట్టు ఆమె కంటపడ్డాడు. అందుకే కుండ వంచాడు. కోపం పులుసు మీద కాదు.

కారులో ఒక్కడే ఉన్నా అతనికి తల దించుకోవాలనిపించింది.

నాయుడుపేట హోటల్లో పులుసు రుచి చూశాడు. సరిగ్గా ఉంది. పదికి పది వేశాడు. చెంచా మళ్ళీ గిన్నెలో పెట్టబుద్ధి కాలేదు.

బయటికొచ్చి విజయవాడ ఆఫీసులో రిపోర్టులు చూసే అమ్మాయికి ఫోన్ చేశాడు.

"ప్రత్యూషా, చిల్లకూరు రిపోర్టు పక్కన పెట్టమ్మా. ఆమెను తీసెయ్యొద్దు. నేనే... కాస్త తొందరపడ్డాను."



"ఆవిడే మానేశారు సార్. పెంచల్ ఆవిడ ఇంటికెళ్ళి బతిమాలాడట. 'ఆఫీసాయనకే సయించలేదంటే నా చెయ్యి చెడిపోయినట్టే, ఇంక పొయ్యి దగ్గరికి పోను' అని తలుపేసుకున్నారట."

"నేను వెనక్కి వెళ్ళి చెప్తాను. కుండ దాచుకున్నందుకు కోప్పడ్డానంతే, అని..."

"అది దాచుకున్నది కాదు సార్. మేమే ఎత్తిపెట్టమన్నాం. ఈ సాయంత్రం ఆఫీసు మనిషి వెళ్ళి తేవాల్సింది."

"ఎందుకు?"

"ఏటా ఒకసారి అంకాలమ్మ గారి నిన్నటి పులుసు తెప్పించుకుని, ఆ రుచిని బట్టే కదా సార్, మన ముప్పై ఒక్క హోటళ్ళకూ మసాలా కలిపేది."