తాడు పట్టేవాడు

"పైనుంచి ఈ తాడు పట్టుకో బయన్నా, నేనీ నిట్రబండ అంచు మీంచి దిగుతాను. మిలిటరీ తాడు, తెగదు," అన్నాడు బండలెక్కే సరదాతో మద్రాసు నుంచి నల్లమలకు వచ్చిన రామనాథం.

ఒకప్పుడు ఆ బండ దిగి తేనె తీసిన బయన్న తాడు అందుకోలేదు.

"తెగేదాని మాట కాదు సామీ. దిగేవాని తాడు పెండ్లాం తమ్ముడే పట్టల్ల. అక్క బొట్టు కోసరం వాడు చెయ్యి వదలడు."

"నాకు పెళ్లే కాలేదే," అని నవ్వాడు రామనాథం. "నువ్వు తేనె మానేశావని గూడెంలో అన్నారు. నీకు బావమరిది లేడా?"

"ఉండాడు సామీ. మా ఆడదే లేదు. పోయినేడు కాలం చేసె."

బయన్న అలసటగా బండ మీద కూర్చున్నాడు.

"పిలిస్తే వాడిప్పుడూ వచ్చి తాడు పడతాడు. నాకే దిగబుద్ధి కాల్యా."