ఎనిమిది సీసాలు

సోమవారం పొద్దున ఒగ్వాంగ్ చేతిలో ఉన్నవి నాలుగు రోజులు, ఒక సైకిలు. కావలసినవి ఎనిమిది సీసాల రక్తం.

పట్నం ఆస్పత్రిలో గుండె ఆపరేషన్లు మొదలై ఏడాదే. అంతకుముందు కవాటం పాడైతే విమానమెక్కాలి, లేదా మట్టిలో కలవాలి. ఇప్పుడు ఖర్చు సర్కారుదే. రక్తం మాత్రం రోగి తాలూకు వాళ్లే తేవాలి. శుక్రవారం పొద్దుటికి ఎనిమిదిమంది రాకపోతే వంతు వెనకవాళ్లకి పోతుంది. మళ్లీ వంతు ఆరు నెలలకి.

"ఆ గుండె ఆరు వారాలు కూడా ఆగదు" అని డాక్టరు ముందే చెప్పేశాడు.

సరస్సు ఒడ్డున ఎండుచేపల వ్యాపారి ఒగ్వాంగ్. అతని తూకమంటే ఊరందరికీ ఒళ్లుమంట. అతని భార్య అటిమ్ మాత్రం, మొగుడు అటు తిరగ్గానే ప్రతి సంచిలో గుప్పెడు కొసరు వేసేది.

ముందు జాలరి ఎబోంగ్‌ని అడిగాడు.

"రక్తమా? బుట్టకి కిలో చొప్పున కొట్టేశావు, అది చాల్లేదా?"

ఒగ్వాంగ్ నుదురు తుడుచుకున్నాడు. "అటిమ్ ఆస్పత్రిలో మంచం మీద ఉంది, తమ్ముడూ."

ఎబోంగ్ చేతిలో వల జారింది. "వదినా? ఆ మాట ముందు చెప్పవేం! నేనొస్తా. నీకైతే చుక్క కూడా ఇచ్చేవాణ్ణి కాదు."

ఆ మాట మింగేసి, సైకిలు నడిపించుకుంటూ రెండో గుమ్మానికి వెళ్లాడు. గుమ్మం గుమ్మానికీ అవే తిట్లు, అదే జవాబు. గురువారం మధ్యాహ్నానికి ఏడుగురు తేలారు. వాళ్లని పట్నం తీసుకెళ్లే వ్యాను బయల్దేరబోతోంది. ఎనిమిదో మనిషి లేదు.

ఒగ్వాంగ్ వెళ్లి, ఆ పక్కనే చేపలు పొగబెట్టే అమోల్ పొయ్యి దగ్గర కూలబడ్డాడు.

"నీ ఒంట్లో లేదా రక్తం?" అంది అమోల్.

"ఇస్తానన్నానక్కా. వద్దన్నారు."

"వాళ్లకీ తెలిసిపోయిందన్నమాట, నీళ్లు కలిపుంటావని!"

వ్యానులో ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. ఒగ్వాంగ్‌కి నవ్వడానికి ఊపిరి చాల్లేదు. రెండు చేతులూ జోడించాడు.

"సరే, లే. ఏడుపు మొహం నువ్వూనూ! ఆ పిల్ల వేసిన కొసర్లు తిన్న ఒళ్లు నాది" అంటూ అమోల్ పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది.

శుక్రవారం పొద్దున ఎనిమిది సీసాలూ నిండాయి.

నర్సు రోగిని పిలవగానే, ఇంకెవరికీ పోకుండా నాలుగు రోజులు తను పడుకుని కాపాడిన మంచం మీంచి అటిమ్ కిందికి దిగింది; చొక్కా విప్పి ఒగ్వాంగ్ ఎక్కాడు.