చెంప ఆనిన చోట

“ఇంకోసారి కొట్టు,” అన్నాడు శ్రీపతి.

వెంకటనర్సయ్య తుపాకికి గుర్రమనే కొక్కేన్ని వెనక్కి లాగి వదిలాడు. దాని దవడల్లో బిగించిన చెకుముకి రాయి ఉక్కు రేకును గీరింది. నిప్పురవ్వలు జల్లున పక్కనున్న చిన్న గిన్నెలో పడ్డాయి. గిన్నెలో మందు లేదు కాబట్టి భగ్గుమనలేదు గానీ, శ్రీపతి మాత్రం తనే యుద్ధం గెలిచినంత సంబరపడ్డాడు.

గన్‌ఫౌండ్రీ సందులోని ఆ దుకాణం పాత తుపాకులకు దవాఖాన. సినిమావాళ్ళకు ఉత్తుత్తి తుపాకులు చేసివ్వడం, పెద్దింటివాళ్ళ గోడల మీద వేలాడే తుపాకులకు తుప్పు వదిలించడం వెంకటనర్సయ్య పని. అరవై దాటినా అతని చేతిలో ఆకురాయి వణకదు. గడప పక్కన పీట మీద అతని తల్లి యాదవ్వ కూర్చుని ఉంటుంది. పెళ్ళయి నాంపల్లికి వచ్చి డెబ్బై ఏళ్ళు దాటాయి. గాలి పడదంటూ ఏ కాలమైనా కొంగు తల మీదుగా చెంపల దాకా లాక్కునే ఉంటుంది.

“ఆదివారం బషీర్‌బాగ్‌ల మా ఫంక్షన్ హాల్ ఓపెనింగ్. ఎంట్రెన్స్‌ల అద్దాల పెట్టెల పెడ్త దీన్ని,” అంటూ శ్రీపతి ఒక కాగితం తీశాడు. “కింద ఇత్తడి పలక మీద గిది చెక్కాలె.”

వెంకటనర్సయ్య పైకే చదివాడు. “ఈ తుపాకితో కొండ్రపల్లి దొర ఒంటరిగా నలభై మందిని తరిమికొట్టెను.”

“దొర అంటే మా తాత. డెబ్బై అయిదేండ్ల కింద ఊరోళ్ళంత ఎదురు తిరిగి మా గడి బంగ్లా మీదికొచ్చిన్రట. ఒక్కడే నిలబడ్డడు.”

“ఏ ఊరన్నవ్ బిడ్డా?” అని అడిగింది యాదవ్వ.

“కొండ్రపల్లి, అవ్వా.”

ఆమె తల ఊపి, ఫ్లాస్కులోంచి చాయ్ వంచి గ్లాసు చాపింది. శ్రీపతి చెయ్యి ముందుకు రాలేదు.

“ఎడమచేత్తో ఇస్తవేంది? గింత వయసొచ్చినా మర్యాద తెల్వదా?”

“అలవాటు బిడ్డా. మా అవ్వ వాతలు పెట్టినా పోలే,” అంటూ ఆమె గ్లాసు బల్ల మీద పెట్టింది. “మీ తాతకు దెబ్బలేం తాకలేదా?”

“కుడికాలుకు గుండు తాకింది. సచ్చేదాక కుంటిండు.”

“కాలికేనా?” యాదవ్వ నాలుక చప్పరించింది. “అయ్యో.”

ఆ సానుభూతికి శ్రీపతి కాస్త మెత్తబడ్డాడు. “ఏం జేస్తం అవ్వా. పాణం దక్కింది, గంతే చాలు.”

ఈలోగా వెంకటనర్సయ్య తుపాకి వెనక కట్టెను గుడ్డతో తుడుస్తూ ఒకచోట ఆగిపోయాడు. బొటనవేలితో అక్కడ మళ్ళీ మళ్ళీ తడిమాడు.

“ఇది మీ తాత పేల్చలేదు సార్.”

“ఏందీ?”

“పేల్చేటోళ్ళు చెంప గీడ ఆనిస్తరు. మీ తాతది ఏ చేతి వాటం?”

“కుడిచెయ్యే.”

“అయితే చెంప కట్టెకు ఎడమపక్క ఆనాలె. గీ గుంట సూడున్రి, కుడిపక్క ఉన్నది. ఎవరో తమ చెంప పట్టేటట్టు కత్తితో చెక్కుకున్నరు. ఎడమచేతి వాటం మనిషి. నిప్పు గిన్నె గూడ గదే పక్కన ఉంటది. మందు భగ్గుమన్నప్పుడల్లా మసి నలుసులు మొకం మీదికే. తోలులకు దిగి పచ్చబొట్టు లెక్క నిలుస్తది. కడిగితే పోదు.”

“మా తాత మొకం అద్దం లెక్కుంటుండె!”

“గదే నేను అనేది.”

శ్రీపతికి చిర్రెత్తుకొచ్చింది. “గడి బయట చింతచెట్ల కింద దొరికింది గిది. తరుముకుంట పోయి ఆడ పారేసుకున్నడు మా తాత!”

“కాలికి గుండు తాకినంక తరుముకుంట పోయిండా?”

చిక్కుకున్న పెద్దమనిషి ఏం చేస్తాడో శ్రీపతీ అదే చేశాడు, గొంతు పెంచాడు. “నీకెందుకయ్యా గదంత? గుంటల లప్పం పెట్టి పాలిష్ కొట్టు. పలక చెక్కు.”

“తుప్పు తీసుడు నా పని. నిజం పూడ్చుడు కాదు. పూడ్చను, చెక్కను.”

“గీ మడిగె ఓనర్ మా బావమరిది. రేపే ఖాళీ చేపిస్త.”

“చేపియ్యున్రి. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద కూసోని పని చేస్కుంట. నలభై మందిని పిరికోళ్ళను చేసే అబద్ధం మాత్రం నా చేత్తో రాయను.”

తండ్రి కాలం నుంచి ఉన్న దుకాణం అది. పోతే ఈ వయసులో మళ్ళీ పెట్టలేడు. అయినా వెంకటనర్సయ్య కాగితాన్ని మడిచి శ్రీపతి జేబులోనే పెట్టాడు.

“అయితే పేల్చిన మొనగాడెవడో నువ్వే తీస్కరా!” అని అరిచాడు శ్రీపతి. “నా ముంగట నిలబెట్టు. వాని పేరే చెక్కిపిస్త!”

“ఉత్తగ అంటున్నవా, నిజంగనేనా బిడ్డా?” యాదవ్వ గడప పట్టుకుని మెల్లగా లేచింది.

“కొండ్రపల్లి దొర మనవణ్ణి. మాట తప్పను.”

ఆమె ఎడమచేత్తో తల మీది కొంగు తీసేసి వెలుతురు వైపు తిరిగింది.

ఎడమచెంప నిండా ఆవగింజలంత నల్లటి చుక్కలు.